పొగకు దారి – మాటకు కాగితం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు ముందు ఒక కవిత రాద్దామనుకున్నాం. రెండు రోజులు కూర్చున్నా కవిత రాలేదు. రాకపోవడమే మంచిదైంది. సంక్రాంతి సెలవులకు ఇళ్లకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ మీలో ఎవరో ఒకరు మా గది తలుపు తట్టి అడిగే ప్రశ్నలు గుర్తుకొచ్చాయి. అవి ఎక్కువగా రెండు రకాలు. కొండ మీది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, "అన్నా, ఇంట్లో చలికి ముసలాళ్లు, పిల్లలు ఉండలేకపోతున్నారు, ఏం చెయ్యమంటావు?" అని అడుగుతారు. డిగ్రీ అయిపోయి పని వెతుక్కుంటున్నవాళ్లు, "అన్నా, ఉద్యోగం ఇస్తామంటున్నారు గానీ ఇలా అడుగుతున్నారు, ఒప్పుకోవచ్చా?" అని అడుగుతారు.

ఈ రెండింటికీ పొత్తు లేదనే మేమూ అనుకునేవాళ్లం. రెండు చోట్లా దెబ్బ తిన్న తర్వాత ఉందని తెలిసింది. ఒకే గదిలో ఉంటున్న ముగ్గురం ఎమ్మెస్సీ కెమిస్ట్రీ విద్యార్థులం. మా మూడు ఇళ్లలోనూ డిగ్రీ పట్టా మొదట పట్టుకున్న చేతులు మావే. అంటే, ఇది మంచి, ఇది చెడు అని ముందుగా చెప్పే చదువుకున్నవాళ్లు మాకు ఇంట్లో లేరు. మీలో చాలామందికీ లేరు. అందుకే మాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాం.

ఆ రాత్రి ఏం జరిగింది?

మాలో ఒకరిది చింతపల్లి మండలంలో లంబసింగి దాటిన తర్వాత వచ్చే చిన్న ఊరు. అప్పట్లో అది విశాఖ జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. మేము డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా డిసెంబరులో ముగ్గురం కలిసి ఆ ఊరు వెళ్లాం.

లంబసింగి సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే మామూలుగా ఆరున్నర డిగ్రీల దాకా వేడి తగ్గుతుంది. దానికి తోడు మబ్బు లేని శీతాకాలపు రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి కొండల మధ్య పల్లాల్లోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ చలి ఒక అంకెలోకి వస్తుంది. కొన్ని ఏళ్లలో సున్నా దగ్గరికీ పోయింది. ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. రాత్రి ఆరుబయట ఉండిపోతే కర్రలా బిగుసుకుపోతారని దాని అర్థమని అక్కడివాళ్లు చెబుతారు. టూరిస్టులు పొగమంచు చూసి, ఫొటోలు తీసుకుని దిగిపోతారు. అక్కడ పుట్టినవాళ్లు మాత్రం ఆ చలిలోనే పడుకోవాలి.

మావాడి ఇల్లు అంతకుముందు గడ్డి ఇల్లు. మధ్యలో పొయ్యి రాత్రంతా కనకనలాడుతూ ఉండేది. పొగ చూరుల్లోంచి, తడికల సందుల్లోంచి బయటికి పోయేది. మేము వెళ్లేసరికి కొత్తగా స్లాబు ఇల్లు కట్టుకున్నారు. గోడలకు సిమెంటు, కిటికీలకు తలుపులు. అందరికీ ఎంతో సంతోషం. ఆ రాత్రి వాళ్లమ్మ గారు పొయ్యిలోంచి నిప్పు కణికలు ఏరి కుంపట్లో పోసి, మేము పడుకునే గదిలో పెట్టారు. "పట్నం పిల్లలు, సలికి ఆగలేరు" అన్నారు. పొగ లేదు. ఎర్రటి బొగ్గులు చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. చలిగాలి రాకుండా తలుపు కింద గోనెసంచి కూడా కుక్కారు. ఆ గదిలో మేము ముగ్గురం, వాళ్ల తాతగారు, చెల్లెలు, అక్క కొడుకు నాలుగేళ్లవాడు పడుకున్నాం.

తెల్లవారుజామున తాతగారు బయటికి వెళ్లడానికి లేచి, తలుపు తీస్తూనే గడప మీద కూలిపోయారు. ఆ చప్పుడుకు మాలో ఒకరికి మెలకువ వచ్చింది. తల బండలా ఉంది, కాళ్లు మాట వినడం లేదు. మిగతా ఇద్దరం లేచీ లేవగానే వాంతులు చేసుకున్నాం. పిల్లవాడు ఎంత కదిపినా లేవలేదు. బయటికి ఎత్తుకెళ్లి అరుగు మీద పడుకోబెట్టాం. కొంతసేపటికి ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపు కంటే మంచి శబ్దం మేము ఇంతవరకూ వినలేదు.

ఊళ్లో వాళ్లు గాలి సోకిందన్నారు. ఒక విధంగా అదే నిజం. సోకిన ఆ గాలి పేరు కార్బన్ మోనాక్సైడ్. ఆ ఏడాది పరీక్షలో దాని మీద అయిదు మార్కుల ప్రశ్నకు ముగ్గురమూ జవాబు రాశాం. ముగ్గురికీ మార్కులు వచ్చాయి. అదే వాయువు మా తలాపున కుంపట్లో ఉంటే ముగ్గురిలో ఒక్కరమూ గుర్తుపట్టలేదు. ఆ సిగ్గే ఈ వ్యాసం రాయిస్తోంది.

వాసన లేని విషం

కట్టె గానీ బొగ్గు గానీ గాలి చాలినంత అందితే కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు, రుచి, వాసన లేవు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోసుకెళ్లే బండి అనుకుంటే, ఈ వాయువు ఆ బండిలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి గదిలో కొంచెమే ఉన్నా రాత్రంతా పీలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

కట్టెల పొగ కళ్లు మండించి, దగ్గు తెప్పించి మనల్ని బయటికి తరుముతుంది. బొగ్గు కుంపటి అలా హెచ్చరించదు. పొగ లేదు కదా అని తలుపు మూసుకుంటాం. అసలు ప్రమాదం అక్కడుంది. గడ్డి ఇంట్లో తరతరాలుగా నిప్పు పెట్టుకుని బతికిన కుటుంబం స్లాబు ఇంట్లో అదే పని చేసి ఆపదలో పడటానికి కారణం కూడా ఇదే. నిప్పు పాతదే, సందులు లేని ఇల్లు కొత్తది.

మన విశాఖలో ఈ వాయువు ఇంకోచోట కూడా ఉంది. ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వచ్చే వాయువులో అయిదో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కార్బన్ మోనాక్సైడే. దాన్ని గొట్టాల్లో పట్టి ఇంధనంగా వాడుకుంటారు. ఉక్కు కర్మాగారాల్లో అలాంటి గొట్టాల దగ్గర పని అంటే ముందు గ్యాస్ పరీక్ష చేయాలి, మనిషి దగ్గర గ్యాస్‌ను పసిగట్టే పరికరం ఉండాలి, బాధ్యుడైన అధికారి సంతకం చేసిన పర్మిట్ కాగితం ఉండాలి. అవి లేకుండా లోపలికి దిగమని అడగడం తప్పు, దిగడమూ తప్పు. ఈ పర్మిట్ కాగితాన్ని గుర్తుపెట్టుకోండి. వ్యాసం రెండో భాగంలో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

చలికి ఇంట్లో ఏం చెయ్యాలి?

ఈ సెలవులకు వెళ్లినప్పుడు మీ ఇంట్లో వాళ్లకు కింది మాటలు చెప్పండి. ఉపన్యాసంలా కాకుండా, పొయ్యి దగ్గర కూర్చుని చెప్పండి.

1. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని నిద్రపోకూడదు. పడుకునే ముందు కుంపటి బయట పెట్టాలి. బూడిద కప్పిన నిప్పు ఆరినట్టు కనిపిస్తుంది గానీ లోపల రాజుకుంటూనే ఉంటుంది.

2. గదిలో పొయ్యి తప్పదనుకుంటే గాలికి రెండు దారులు ఉండాలి. కింద ఒకటి, పైన చూరు దగ్గర ఒకటి. వేడెక్కిన పొగ పైదారిన పోతుంది, కింది దారిన కొత్త గాలి వస్తుంది. చలిగాలి ఒంటికి తగలకుండా పడక ఎత్తులో ఉన్న సందులను మట్టితో మెత్తండి. పైన ఉన్న దారిని మాత్రం మూయకండి. పొగగొట్టం పెట్టుకోగలిగితే అన్నిటికంటే మంచిది. పొగలేని పొయ్యిల కోసం కేంద్ర ప్రభుత్వం 1983లోనే ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. అలాంటి పొయ్యి ఉంటే గొట్టంలో మసి పేరుకోకుండా అప్పుడప్పుడు దులపాలి. మసి మూసేసిన గొట్టం ఉన్నా లేనట్టే.

3. కట్టెలు ముందే ఆరబెట్టాలి. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీరే. ఆ నీరు ఆవిరి కావడానికే కొంత మంట ఖర్చవుతుంది, పొగా ఎక్కువ వస్తుంది. వర్షాలు తగ్గగానే కట్టెలు చీల్చి, చూరు కింద గాలి ఆడేలా పేర్చుకుంటే తక్కువ కట్టెతో ఎక్కువ వేడి వస్తుంది. అడవి నుంచి కట్టెలు మోసేది ఎక్కువగా మన అమ్మలూ అక్కలే కాబట్టి వాళ్ల తలబరువు కూడా తగ్గుతుంది.

4. గదిని కాకుండా మనిషిని వెచ్చబరచాలి. చలి పైనుంచి ఎంత వస్తుందో కింద నేల నుంచీ అంత వస్తుంది. మీద రెండు దుప్పట్లు కప్పుకుని కింద చాప మాత్రం వేసుకుంటే వేడి నేలలోకి పోతుంది. చాప కింద దళసరిగా ఎండుగడ్డి పరిచి, దాని మీద బొంత వేయండి. గడ్డి మధ్య నిలిచిన గాలే వేడిని పట్టి ఉంచుతుంది. తలకు మఫ్లరు, కాళ్లకు మేజోళ్లు ఉంటే సగం చలి పోయినట్టే.

5. సీసాలో వేడినీళ్లు పోసి, బిరడా గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోండి. ముసలాళ్లకు ఇది చాలా సుఖం. గుడ్డ చుట్టకుండా పెడితే చర్మం కాలుతుంది.

6. నెగడు ఆరుబయటే వేసుకోవాలి. పిల్లలను, చీర కొంగులను మంటకు దూరంగా ఉంచాలి. పక్కనే బిందెడు నీళ్లు ఉండాలి.

7. సన్నని తీగతో లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కరెంటు హీటరు తగిలించకండి. తీగ కరిగి అంటుకుంటుంది. ఈ మాట కొండ మీది ఇళ్లకే కాదు, మన హాస్టల్ గదుల్లో హీటరు రాడ్డుతో నీళ్లు కాచుకునే మనకూ వర్తిస్తుంది.

తలనొప్పి, తల తిరగడం, వాంతి, మత్తు – ఇవి ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే ఆ గాలి విషమని అనుకోవాలి. వెంటనే తలుపులు తీసి, అందరినీ బయటికి చేర్చి, 108కి ఫోన్ చేయాలి. మంచి గాలి తగిలినా రక్తంలోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెడితే గంటన్నర లోపే అంత తగ్గుతుంది. కనుక లేచి కూర్చున్నాడు కదా అని ఊరుకోకూడదు. మేము ఆ రోజు ఊరుకున్నాం. అదృష్టం బాగుండి బయటపడ్డాం. అదృష్టాన్ని నమ్ముకోమని మీకు చెప్పలేం.

ఇక రోజూ పీల్చే పొగ సంగతి. ఇళ్లలో వంట పొగ, బొగ్గు పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గ్యాస్ ఇవ్వడానికి 1999లో మన రాష్ట్రంలో దీపం, 2016లో దేశమంతటా ఉజ్వల పథకాలు వచ్చాయి. అయినా కొండ ఊళ్లలో గ్యాస్ ఉన్న ఇంట్లో కూడా కట్టెల పొయ్యి ఆరదు. వాళ్లకు తెలివి లేక కాదు. పొయ్యి అన్నం వండుతుంది, ఇల్లూ వెచ్చబరుస్తుంది. గ్యాస్ మొదటి పని ఒక్కటే చేస్తుంది. కాబట్టి అమ్మను "ఇంకా పొయ్యి ఎందుకే" అని కసరకండి. వంట గ్యాస్ మీద, వెచ్చదనం గడ్డి పరుపు మీద, పొగకు పైన దారి – ఇలా పంచుకుంటే కుదురుతుంది.

ఆ ఘాటు రోడ్డు చెప్పే పాఠం

మేము మావాడి ఊరు వెళ్లిన దారి నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటు ఎక్కి చింతపల్లి పోతుంది. బస్సులో కిటికీ మూసుకుని కూర్చుంటే ఆ రోడ్డు ఎవరు వేశారన్న ఆలోచన రాదు. బ్రిటిషు వాళ్ల కాలంలో అక్కడ రోడ్డు వేయించేటప్పుడు గూడెం తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ల చేత చాలీచాలని కూలికి, బలవంతంగా పని చేయించాడని చరిత్ర చెబుతోంది. అడవి మీద ఆంక్షలు, పోడు మీద నిషేధం, ఈ వెట్టి – ఇవన్నీ కలిసి అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922 నుంచి 1924 దాకా సాగిన మన్యం తిరుగుబాటుకు కారణమయ్యాయి. మొదటి దాడి 1922 ఆగస్టు 22న ఆ దారిలోని చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే జరిగింది.

స్వతంత్రం వచ్చాక మన రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన డాక్టర్ అంబేద్కర్ గారే రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షులు. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసింది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం కూడా వెట్టే అవుతుందని చెప్పింది. కొరడా పట్టుకుని అడిగితేనే వెట్టి కాదు. ఆకలిని అడ్డం పెట్టుకుని అడిగినా వెట్టే.

మేము తిన్న రెండో దెబ్బ

డిగ్రీ అయ్యాక మాలో ఇద్దరం నగరంలో ఒక ప్రైవేటు ఆఫీసులో చేరాం. పేరు ఎందుకు లెండి. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టారు. "భద్రంగా ఉంటాయి" అన్నారు. రెండేళ్లు మానమని ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఫోన్లో చెబితే ఇంట్లో వాళ్లు, "పెద్దోళ్లు అడిగితే ఇయ్యాలి బాబూ, ఉద్యోగం ఇచ్చినారు గదా" అన్నారు. మేమూ అదే అనుకున్నాం.

మూడు నెలలకు పీజీ కౌన్సెలింగు వచ్చింది. సర్టిఫికెట్లు అడిగితే మనిషికి ఇరవై వేలు కట్టమన్నారు. మా దగ్గర బస్సు పాసుకే డబ్బులు లేవు. ఆ ఏడాది సీటు పోయింది. మూడోవాడు మా కోసం కౌన్సెలింగుకు వెళ్లకుండా ఆగిపోతానన్నాడు. వెళ్లమని మేమే పట్టుబట్టాం. అయినా వినలేదు. అలా ముగ్గురికీ ఒక ఏడాది పోయింది. తర్వాత ఒక సీనియర్ చెబితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి అర్జీ పెట్టాం. అక్కడి నుంచి ఉత్తరం వెళ్లిన మూడు వారాలకు పైసా కట్టకుండా సర్టిఫికెట్లు చేతికి వచ్చాయి. ఆ ఆఫీసు చాలా తెలివైందని మేము బాధపడేవాళ్లం. నిజానికి మేము అడగలేదు, అంతే. వాసన లేని విషం అంటే ఇదీ. నవ్వుతూ అడుగుతారు, టీ ఇచ్చి అడుగుతారు. కళ్లు మండవు.

అడగకూడనివి – మన జవాబులు

ఉద్యోగంలో ఎవరేం అడిగినా మనసులో మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది చేరే ముందు చెప్పారా? ఇది కాగితం మీద రాసి ఇస్తారా? ఇదే పని మిగతావాళ్లనూ అడుగుతున్నారా, మనల్నే అడుగుతున్నారా? మూడింటికీ "అవును" వస్తే సాధారణంగా న్యాయమైన కోరికే. ఒక్కటి "కాదు" అయినా ఆగి ఆలోచించాలి.

డబ్బు కట్టమంటే: జీతం ఇవ్వవలసినవాళ్లు మన దగ్గర డబ్బు అడిగితే అక్కడే సందేహించాలి. స్టీల్ ప్లాంటులో, పోర్టులో, షిప్‌యార్డులో ఉద్యోగం ఇప్పిస్తానని ఎవరైనా లక్షలు అడిగితే అది మోసమే. ఆ సంస్థల నియామకాలు ప్రకటన, దరఖాస్తు, పరీక్ష ద్వారా జరుగుతాయి, మధ్యవర్తి జేబు ద్వారా కాదు.

ఒరిజినల్స్ అడిగితే: చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ ఇంటికి తెచ్చుకోండి. కాలేజీలు కూడా ఒరిజినల్స్ అట్టే పెట్టుకోకూడదని యూజీసీ 2018లో చెప్పింది.

ఖాళీ కాగితం, ఖాళీ చెక్కు మీద సంతకం అడిగితే: ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. బాండు అంటే పూర్తిగా చదివి, ఒక ప్రతి తీసుకుని, పెద్దవాళ్లకు చూపించాకే సంతకం చేయాలి.

"ముందు నేర్చుకో, జీతం తర్వాత చూద్దాం" అంటే: ఎన్ని రోజులు, ఎంత భత్యం అని రాసివ్వమనండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద నేర్చుకునేవాళ్లకు కూడా స్టైపెండు ఉంది.

నియామక పత్రం, జీతం: పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని విధి. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీ లోపు ఇవ్వాలి. అదనపు గంటలకు రెట్టింపు లెక్కన ఇవ్వాలి. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో బాకీ చెల్లించాలి.

కులం చూసి పని చెబితే: చేరింది లెక్కలు రాయడానికి, కానీ మరుగుదొడ్డి కడగమని మనల్నే పిలుస్తారు. ఇది మా ఊహ కాదు, మనలో కొందరికి జరిగింది. శుభ్రం చేసే పని తక్కువది కాదు. ఇంటిపేరు చూసి చెప్పడం తప్పు. మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించి ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. దళితుల చేత, గిరిజనుల చేత వెట్టి చేయించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం.

ప్రాణానికి ముప్పు ఉన్న పని చెబితే: ట్యాంకులోకి, గ్యాస్ ఉన్న చోటికి దిగమంటే పర్మిట్ కాగితం అడగండి. గ్యాస్ పరీక్ష చేశారా అని అడగండి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

చెల్లెళ్లకు: పని పేరుతో ఒంటరిగా రమ్మన్నా, అసభ్యంగా మాట్లాడినా అది మీ తప్పు కాదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ మార్గదర్శకాలు దీనికి పునాది. ఆ విశాఖ మన ఊరు కాదు, రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరు. 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న చోటైతే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి చెప్పవచ్చు. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాయాలి.

విదేశీ ఉద్యోగం అంటే: 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు మరచిపోకండి. డేటా ఎంట్రీ పని అని మన పిల్లల్ని కంబోడియా తీసుకెళ్లి, బందీలుగా పెట్టి, సైబర్ మోసాలు చేయించారు. 1983 వలసల చట్టం కింద నమోదైన ఏజెంటా కాదా చూసుకోకుండా పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఎలా చెప్పాలి?

"ఇవ్వను" అనడానికి నోరు రాదని మాకు తెలుసు. మన ఇళ్లలో వంచిన తలకే మెప్పు. అందుకే గొంతు పెంచకుండా రాసి ఇవ్వడం నేర్చుకుందాం. కింది ఉత్తరం నోటుపుస్తకంలో ఎక్కించుకోండి.

"గౌరవనీయులైన మేనేజర్ గారికి నమస్కారం. నన్ను ఉద్యోగానికి ఎంపిక చేసినందుకు కృతజ్ఞతలు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తనిఖీ కోసం తెచ్చి చూపిస్తాను. జిరాక్సు ప్రతులు జతపరుస్తున్నాను. పై చదువులకు, పోటీ పరీక్షలకు ఒరిజినల్స్ అవసరం కనుక వాటిని ఆఫీసులో ఉంచలేను. పని వేళలు, జీతం, సెలవులు తెలిపే నియామక పత్రం ఇప్పించగలరని మనవి. ఇట్లు, తమ విధేయుడు."

ఇందులో ఒక్క కఠినమైన మాట లేదు. అయినా చెప్పవలసింది అంతా ఉంది.

వద్దు అనలేని రోజులు

ఇంట్లో నాన్నకు ఒంట్లో బాగోలేనప్పుడు, చెల్లి ఫీజు కట్టవలసినప్పుడు అన్యాయమని తెలిసీ తల ఊపవలసి వస్తుంది. అలా ఊపినవాళ్లను మేము తప్పుపట్టం. మేమూ ఊపాం. అప్పుడు కూడా చెయ్యగలిగింది ఒకటుంది. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని తేదీ, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, ఎవరేం అడిగారు, ఎంత ఇచ్చారు అని రోజూ రాసుకోండి. మెసేజీలు చెరపకండి. ఆ గదిలోంచి బయటపడే రోజు వస్తుంది. ఆ రోజు ఆ పుస్తకం మీ తరఫున మాట్లాడుతుంది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. ఫోన్ నంబరు 15100. గోడ మీద రాసుకోండి.

చివరిగా ఒక మాట. ఆ రాత్రి కుంపటి పెట్టిన అమ్మ మమ్మల్ని చంపాలని పెట్టలేదు, ప్రేమతో పెట్టింది. సర్టిఫికెట్లు ఇచ్చెయ్యమన్న నాన్న మా చెడు కోరలేదు, భయంతో అన్నాడు. వాళ్లకు తెలియనిది మనకు తెలిసింది కాబట్టి చెప్పవలసిన బాధ్యత మనది. ఇంట్లో మొదటి డిగ్రీ అంటే గోడకు తగిలించుకునే ఫొటో మాత్రమే కాదు. ఇంటికి ఒక కిటికీ.

పోయిన డిసెంబరులో మళ్లీ ఆ ఊరు వెళ్లాం. ఆ స్లాబు ఇంటి గోడకు పైన రెండు ఇటుకలు తీసి దారి చేశారు. కుంపటి అరుగు మీద ఉంది. ఆ పిల్లవాడు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. రాత్రి గడ్డి పరుపు మీద మా మధ్యన పడుకుని, బడిలో నేర్చుకున్న ఎక్కాలు అప్పజెప్పి నిద్రపోయాడు. తెల్లవారి మాకంటే ముందు లేచాడు.

మీరూ ఈ సెలవులకు ఇంటికి వెళ్లగానే ముందు పైన పొగకు దారి ఉందో లేదో చూడండి. ఉద్యోగానికి వెళ్లిన రోజు మాటకు కాగితం ఉందో లేదో చూడండి. సందేహం వస్తే మా గది తలుపు ఎప్పుడైనా తట్టండి.